ఉల్లిపొర రంగు

చీరె వాపసొచ్చింది.
కొరియర్ పిలగాడు గడప మీద పెట్టి
సంతకం గీకమన్నడు.
లోపల మా చీరె, మడత చెడి,
పైన చిన్న కాగితం:
"ఫొటోల గులాబి. చేతిల మట్టి."

అది గులాబి గాదు, మట్టి గాదు.
ఉల్లిపొర.
గద్వాల కోట ఎనక సందుల
మౌలాలి తాత గంగాళంల మూడు మునకలేసి
నాలుగోది వద్దని పైకి దీసిన
ఉల్లిపొర.

తప్పు ఫోనుది.
నీడల తీస్తే దిగులు పడ్తది,
ఎండల తీస్తే ఎక్కువ మురుస్తది.
దాన్ని దారికి తెచ్చేది
ఏదో సాఫ్ట్‌వేర్ ఉంటదట గదా అని
పాత బస్టాండు కాడ ఖదీర్ దుకాణానికి పోయిన.

"ఏది గావాలె అక్కా?" అన్నడు,
చెప్పుల సైజు అడిగినట్టు.

ఒకటేమో నెలనెలా పైసలు కట్టాలె.
చీటీ లెక్కనే,
ఎత్తుకునే నెల మాత్రం ఎన్నటికీ రాదు.

ఒకటి దొంగది. పెన్‌డ్రైవుల ఉన్నది,
వంద ఇస్తే ఎక్కిస్తడట.
పోయినేడు ఎక్కించుకున్న స్టూడియో శాంతప్ప
ఒక పెండ్లి మొత్తం పోగొట్టుకొని
ఇయ్యాల్టికీ ఆ పెండ్లోల్ల వాడకు పోతలేడు.

ఇంకోటి పుణ్యానికే.
తెరిచి చూస్తే మగ్గం కన్న ఎక్కువ పోగులు,
ఏది తొక్కితే ఏది లేస్తదో తెల్వది.

ఆఖరుది ఫోన్లనే ఉంటది,
ఒక్క నొక్కుడు, అన్నీ అదే చేస్తది.

నేనూ అదే పెట్టుకున్న, అబద్ధమెందుకు.
జరీని బంగారానికే బంగారం చేసింది.
చీరె పట్టుకొని నిలబడ్డ మా అత్త జములమ్మకు
ముడతలు దీసింది, బుగ్గలు పెట్టింది,
గదవ మీది పచ్చబొట్టు గూడ తుడిచింది.
అత్త ఫోను దగ్గరికి పట్టుకొని చూసి
"ఎవలే ఈమె, మన చీరె పట్టుకున్నది?" అన్నది.

తీసేసిన.

తమ్ముని పాత ల్యాప్‌టాప్‌ల
పుణ్యానిది ఎక్కించుకున్న.
పదకొండు రాత్రులు.
ఎడమకు జరిపితే చీరెకు సలి పెడ్తది,
కుడికి జరిపితే జరమొస్తది.
ముందుగాల దానికి తెలుపేదో చూపాలెనట,
అప్పుడే మిగిలిన రంగులు తమ జాగాల కూసుంటయట.

ఇల్లంత ఎతికిన, తెలుపు దొరకలే.
గోడ సున్నం పసుపుకు తిరిగింది,
మామ పంచెకు నీలి మందు ఎక్కువైంది,
కాగితం అడిగితే బిల్లు బుక్కు, అదీ గులాబే.
ఆఖరుకు పళ్లెంల ఇంత అన్నం పెట్టి
చీరె పక్కన పెట్టి ఫొటో తీసిన.

"చీరెకు అన్నం పెడ్తున్నవా?" అని మా ఆయన నవ్వు.
"ఇన్నేండ్లు అది పెట్టలేదా?" అన్న.

మౌలాలి తాతను పిలుసుకొచ్చిన.
మణికట్టు దాకా నీలం ఉన్న చేతులు
ఎనకకు కట్టుకొని, తెర ముట్టకుండ
దూరం నుంచే చూసిండు.
"ఇంకొంచెం కిందికి."
దించిన.
"ఇంకింత… ఆగు. పోయింది. ఎనకకు రా."
వచ్చిన.
"ఆఁ, ఆడ."

ఆ అంకె సుద్దముక్కతోని
మగ్గం గుంజ మీద రాసుకున్న.
తాత చెప్పులేసుకుంటా అన్నడు:
"రేపు పొద్దుగాల చీరెను అరుగు మీద పరిచి సూడు.
ఈ రంగు ఉండది."

ఉండలే.

ఇగ రెండు ఫొటోలు పంపిన ఆమెకు,
పొద్దటిదొకటి, లైటు కిందిదొకటి.
కింద రాసిన:
"మేడమ్, రంగు ఉల్లిపొర.
నా ఫొటోను నమ్మకుండ్రి.
వంటింట్ల ఉల్లిగడ్డ ఉంటే
పైపొట్టు తీసి పారేసి,
దాని కింది పొర
కిటికీ కాడ పట్టుకొని సూడుండ్రి."

రెండు నీలి గీతలు పడ్డయి.
జవాబు ఇంక రాలే.
ఉల్లిగడ్డ ఒలుస్తున్నదేమో.